నూరీకి గోరింటాకు

హాజిరత్తకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇనుగుదురుపేటలో అందరూ అంటారు. పాలు పలచనైనా, పంపు దగ్గర ఎవరైనా వరస తప్పినా ఆమె గొంతు వీధి చివరిదాకా వినపడుతుంది. నాకు ఆమె సొంత అత్తేమీ కాదు. గోడకు అటు ఆమె, ఇటు నేను. పెడనలో కలంకారీ అచ్చులు వేసి సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి ఆమె ఎవరినో ఒకరిని కడిగేస్తూ ఉంటుంది. నా నోరూ తక్కువదేం కాదు, అందుకే మా ఇద్దరికీ బాగా కుదిరింది.

ఆమె గొంతు తగ్గించి మాట్లాడేది ఒక్క నూరీతోనే. నూరీ అంటే ఆమె భర్త సలాం మావయ్య జట్కా గుర్రం. తెల్లటిది. ఊళ్లో జట్కాలన్నీ పోయి ఆటోలు వచ్చినా మావయ్య మాత్రం కోనేరు సెంటర్లో చివరిదాకా బండి నిలబెట్టాడు. కొరడా పట్టలేదు. నాలుకతో టక్ టక్‌మని చప్పుడు చేస్తే చాలు, నూరీ తనే వెనక్కి తిరిగి, వెనకడుగులు వేస్తూ బండి కర్రల మధ్యకు వచ్చి నిలబడేది.

రంజాన్ పండగ ముందు హాజిరత్త గోరింటాకు రుబ్బితే మొదటి ముద్ద నూరీకే. తోకకూ, నాలుగు కాళ్లకూ పెట్టేది. మొదట్లో అది కాళ్లు విదిలించేదట. ఆమే బతిమాలి, ఆరేదాకా నిలబడితే బెల్లం ముక్క పెట్టి, మెల్లగా అలవాటు చేసింది.

మావయ్య పోయాక బండి తోలేవాళ్లు లేరు. బీచ్ రోడ్డులో కొత్తగా వెలిసిన 'అరణ్య లోకం' పార్కు మేనేజరు అనిల్ వచ్చి గుర్రాన్ని అడిగాడు. పిల్లల్ని ఎక్కించుకుని నీడలో రెండు చుట్లు తిరగడమే పని అన్నాడు. పంపేరోజు హాజిరత్త పండగ కాకపోయినా గోరింటాకు పెట్టింది. పెడుతూ అతనితో గొప్పగా చెప్పింది కూడా.

"చూడు బాబూ, రంగు ఆరేదాకా అంగుళం కదలదు. బంగారుతల్లి. దీన్ని కొట్టే పనే ఉండదు."

అనిల్ నూరీ వీపు నిమిరి, "అసలు కదలదా ఆంటీ?" అని మళ్లీ అడిగాడు. పక్కనే ఉన్నాను, నాకు బాగా గుర్తు.

మళ్లీ రంజాన్ వచ్చింది. "చిలకమ్మా, పద, దాన్ని చూసొద్దాం" అని హాజిరత్త గోరింటాకు గిన్నె కొంగులో దాచి బయల్దేరింది. గేటు దగ్గర సెక్యూరిటీవాడు తినేవి లోపలికి తీసుకెళ్లకూడదన్నాడు. "ఇది తింటావా నువ్వు? తిను, చూస్తాను" అని మూత తీసి వాడి ముఖం ముందు పెట్టింది. వాడు పక్కకు తప్పుకున్నాడు.

లోపల చెవులు చిల్లులు పడే గోల. సింహం గర్జనట, స్పీకర్లో. సిమెంటు జిరాఫీ, రంగు వెలిసిన డైనోసార్, ఏనుగు బొమ్మల రంగులరాట్నం. ప్రాణమున్నవి ఎక్కడని వెతికితే ఇరుకు బోనులో రెండు ఈము పక్షులు, వాటి ముందు చిప్స్ ప్యాకెట్లు. గుర్రపు స్వారీ అని బోర్డున్న చోట బ్యాటరీ గుర్రాలున్నాయి. అక్కడి పనివాణ్ని అడిగితే, "నిజం గుర్రమా? ఇప్పుడు లేదండీ" అన్నాడు.

లేదంటే ఏమిటి, ఏమైనట్టు?  హాజిరత్త పక్కనున్న రెయిలింగు పట్టుకుని నిలబడింది.

ఆ రెయిలింగు 'ఆఫ్రికా జీబ్రా'ది. జనం ఫోన్లు పైకెత్తి ఫొటోలు తీసుకుంటున్నారు. నీడ లేదు, నీళ్ల తొట్టి ఎండిపోయింది. ఆ చారలు చూసి నాకు ఒళ్లు మండింది. ఒకటి లావు, ఒకటి సన్నం. అంత వంకరగా అచ్చు వేస్తే పెడనలో ఆ పూటే పని మాన్పిస్తారు. నేను నోరు తెరిచేలోపే హాజిరత్త నాలుకతో టక్ టక్‌మనిపించింది.

జీబ్రా చెవులు నిక్కబొడుచుకున్నాయి. అది వెనక్కి తిరిగింది. ఒక్కొక్క అడుగే వెనక్కి వేసుకుంటూ వచ్చి, మా ముందు జట్కా ఉన్నట్టే, రెయిలింగుకు వెనకభాగం ఆనించి నిలబడింది. జనం నవ్వారు.

దగ్గరగా చూస్తే నల్లచారల కింద చర్మం పొక్కిపోయి ఉంది. కొన్నిచోట్ల వెంట్రుకలు ఊడి రసి కారుతోంది.

"ఒరేయ్, ఎవడ్రా ఇక్కడ?" అని హాజిరత్త వేసిన కేకకు స్పీకర్లో సింహం కూడా వినపడలేదు. అనిల్ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"నెమ్మది ఆంటీ, జనం చూస్తున్నారు. వారానికోసారి హెయిర్ డై, అంతే. మత్తు ఇంజెక్షన్ కూడా అక్కర్లేదు. రంగు వేస్తే అసలు కదలదు. మీరే చెప్పారుగా!"

 హాజిరత్త చేతిలోని గిన్నె వైపు చూసుకుంది. ఆ చూపు నేను భరించలేకపోయాను. ఇక ఆమె తిట్టాల్సినవన్నీ నేను తిట్టాను. "ఇది జీబ్రా కాదయ్యా! మా బందరు జట్కా గుర్రం! పుండ్లు చూడండి, అవీ ఫొటో తీయండి!" అని అరిచాను. ఫోన్లన్నీ తన వైపు తిరిగేసరికి అనిల్ గొంతు మారింది.

"తీసుకెళ్లండమ్మా, ముందు దీన్ని ఇక్కణ్నుంచి తీసుకెళ్లండి" అన్నాడు.

బీచ్ రోడ్డు పొడవునా బైకులు ఆపి జనం మమ్మల్ని చూసి నవ్వారు. ఒకడు సెల్ఫీ అడిగితే వాడి పుట్టుపూర్వోత్తరాలన్నీ నేనే చెప్పాను. హాజిరత్త మాత్రం నూరీ మెడ మీద వేసిన చేయి తీయకుండా నడిచింది.

ఇంటికొచ్చాక గోరింటాకంతా మురిక్కాలవలో పారబోసింది. పశువుల డాక్టరు ఇచ్చిన మందు వేలితో తీసి మొదటి పుండుకు రాసింది. నూరీ చర్మం జలదరించింది. కాళ్లు మాత్రం కదపలేదు. రెండో పుండుకు రాసింది. కదపలేదు.

"తన్నవే!" అని హాజిరత్త అరిచింది. "నొప్పిగా లేదటే నీకు? ఒక్కసారి తన్నవే నన్ను! వాడు రాసినప్పుడు తన్ని ఉంటే వదిలేసేవాడు కదే! నేనే కదే నీకు నేర్పింది!" ఏడుస్తూనే ఆ గుర్రాన్ని తిడుతోంది.

నూరీ నాలుగు కాళ్లూ ఆనించి అలాగే నిలబడింది. రాయడం అయిపోయాక, మెడ చాచి, బెల్లం ముక్క కోసం ఆమె చేయి వాసన చూసింది.