బాప్తిస్మానికి ముందురోజు దిండిలో పాడిల్ బోర్డు ఎక్కాను

నాకు నీళ్లంటే భయం. దాచుకోవడానికేం లేదు. తణుకులో పిల్లలకు లెక్కలు చెప్పుకునే యాభై రెండేళ్ల టీచరు నీళ్ల మీద నిలబడి తెడ్డు వేసే పాడిల్ బోర్డు ఎక్కడానికి కోనసీమలో దిండి దాకా వెళ్లిందంటే మా స్టాఫ్‌రూములో పడీ పడీ నవ్వుతారు. అందుకే ఎవరికీ చెప్పకుండా వెళ్లాను. మాది బాప్టిస్టు సంఘం. మాలో బాప్తిస్మమంటే నెత్తిన నాలుగు చుక్కలు చల్లడం కాదు, కాలవలో దిగి పూర్తిగా మునగాలి. ఆ మునక లేనివాళ్లు ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షారసం తీసుకోకూడదు. పదిహేడో ఏట ఒకసారి, ముప్పై దాటాక ఇంకోసారి తెల్లబట్టలు కట్టుకుని రేవు మెట్ల దాకా వెళ్లి, సంఘమంతా పాట పాడుతూ ఉండగానే వెనక్కి వచ్చేశాను. రెండోసారి తల తీసేసినట్టయింది. ఇప్పుడు మూడోసారి, ఆ వచ్చే ఆదివారానికి పేరిచ్చాను. ఈసారి కూడా వెనక్కి వస్తే మళ్లీ పాస్టరుగారి దగ్గరకు వెళ్లడానికి నాకే మొహం చెల్లదు.

భయానికి కారణం మా అన్నయ్య. నాకప్పుడు ఎనిమిదేళ్లు, అన్నయ్యకు పదకొండు. వేసవిలో కట్టేసిన కాలవలకు జూన్‌లో నీళ్లు వదిలే రోజున మా ఊరి పిల్లలమంతా గట్టు మీదకు పరిగెత్తేవాళ్లం. ఆ ఏడు రేవులో అన్నయ్య కాలు జారింది. నేను చెయ్యి పట్టుకున్నాను. పట్టుకుని వదిలేశాను. చుట్టూ అంతమంది పిల్లలున్నా అది చూసినవాళ్లు ఎవరూ లేరు. అన్నయ్య ఇక బతికి రాలేదు. చెయ్యి వదిలేశానని మా అమ్మకు కూడా నేను చెప్పలేదు.

మా పి.ఇ.టి. మాస్టారు ఒకరోజు దిండి దగ్గర గోదావరి పాయలో ఈ బోర్డుల గురించి చెబుతుంటే విన్నాను. ఒంటికి లైఫ్ జాకెట్ వేస్తారట, బోర్డుకూ కాలికీ తాడు కడతారట, పక్కనే ఇంకో బోర్డు మీద నేర్పే మనిషి ఉంటాడట. సంఘం ముందు మునిగే లోపు, నన్ను ఎరగనివాళ్ల మధ్య ఒక్కసారి నీళ్లలోకి దిగి చూద్దామనిపించింది. ఫోను చేస్తే గంటన్నరకు తొమ్మిది వందలన్నారు. శనివారం ఉదయం ఏడింటికల్లా రమ్మన్నారు.

తెల్లవారుజామున నాలుగూ ముప్పావుకు తణుకు బస్టాండులో పాలకొల్లు బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. గంట పైనే పట్టింది. పాలకొల్లులో బస్టాండు పక్కన బండి దగ్గర దిబ్బరొట్టి చెప్పి, బండి ఆవిడ ఎక్కడికని అడిగితే సంగతి చెప్పాను. ఆవిడ సగం రొట్టే ఆకులో పెట్టింది. “నీళ్లలోకెళ్లేవాళ్లు కడుపునిండా తినకూడదండి. మిగతా సగం పొట్లం కడతాను, గట్టెక్కాక తినండి” అంది. గట్టెక్కుతానన్న నమ్మకం నాకంటే ఆవిడకే ఎక్కువున్నట్టుంది. అక్కణ్ణుంచి షేర్ ఆటోలో చించినాడ వంతెన దాటితే దిండి. మనిషికి నలభై తీసుకున్నాడు. వంతెన మీద వశిష్ఠ గోదావరి కనపడగానే నేను ఒళ్లో సంచీ వైపు తల దించేసుకున్నాను.

నేర్పే ఆయన పేరు సత్తిబాబు. నలభై లోపే ఉంటాడు. చేపల వేటకెళ్లే కుటుంబం, కొన్నాళ్లు గోవాలో పనిచేసి ఇక్కడికొచ్చి నాలుగు బోర్డులు పెట్టుకున్నాడు. “ఇంకాసేపట్లో సముద్రం పోటు నిండుద్దండి. నిండాక కాసేపు నీళ్లు కదలవు. కొత్తవాళ్లకి అదే మంచి టైము” అని జాకెట్ బిగించాడు. తర్వాత నడుంలోతు నీళ్లు చూపించి, “ముందు ఇక్కడ కావాలని ఓసారి పడాలండి” అన్నాడు.

“పడకుండా నేర్పండి” అన్నాను.

“పడకూడదు పడకూడదు అనుకుంటే కాళ్లు బిగుసుకుపోతాయండి. అప్పుడే పడతారు.”

నేను ఒప్పుకోలేదు. క్లాసులో పిల్లల మొండితనం మీద రోజూ కేకలేసే నేనే ఆ పూట అంతకంటే మొండిగా ఉన్నాను. ఆయన ఇంక బలవంతం చెయ్యలేదు. నన్ను బోర్డు మీద మోకాళ్లపై కూర్చోబెట్టి పాయలోకి తీసుకెళ్లాడు. అరగంటకు లేచి నిలబడ్డాను. అరటితోటలు, ఒడ్డున కట్టేసిన నావలు మెల్లగా వెనక్కి పోతున్నాయి. అన్నయ్య చూస్తే ఎంత సంతోషపడేవాడో అనుకున్నాను.

ఆ ధ్యాసలోనే తప్పు చేశాను. చిన్నప్పుడు మా కాలవలో పడవలవాళ్లు గెడను అడుగున గుచ్చి తోసేవాళ్లు. నా చేతులకు తెలిసిన పద్ధతి అదొక్కటే. తెడ్డును నిలువుగా కిందికి గుచ్చి, బరువంతా దాని మీద వేశాను. అక్కడ అడుగు అందలేదు. తెడ్డుతోపాటు నేనూ పోయాను.

చెవుల నిండా నీళ్లు. పై ప్రాణాలు పైనే పోయాయి. జాకెట్ పైకి తేల్చేసరికి సత్తిబాబు బోర్డు మీద బోర్లా పడుకుని చెయ్యి చాపాడు. ఉన్న బలమంతా పెట్టి ఆ అరచేతిని పట్టుకున్నాను. పట్టు తప్పిపోయింది. ఆయన వెంటనే ఇంకాస్త ముందుకొచ్చి నా మణికట్టు పట్టుకుని, “టీచర్‌గారూ, మీరు కూడా నా మణికట్టే పట్టుకోండి” అన్నాడు. ఈసారి కదల్లేదు. లాగి బోర్డు మీద వేశాడు.

ఒడ్డుకొచ్చాక నాకు ఒళ్లు మండిపోయింది. “చెయ్యి ఎందుకు వదిలేశారండి?” అని గట్టిగా అరిచాను.

“నేను వదల్లేదండి, జారింది. నీళ్లలో తడి చెయ్యి ఎవరిదైనా జారిపోద్దండి. నేనే ముందు మణికట్టు పట్టుకోవాల్సింది, కంగారులో చెయ్యిచ్చాను.”

ఇసకలోనే కూలబడి, నలభై నాలుగేళ్లుగా ఎవరితోనూ అనని మాట ముక్కూమొహం తెలియని ఆ మనిషితో చెప్పాను. ఆయన తువ్వాలు ఇచ్చి ఎదురుగా కూర్చుని మొత్తం విన్నాడు.

“కాలవకి కొత్తనీళ్లొచ్చిన రోజంటున్నారు. లాగుడు మామూలుగా ఉండదండి. ఎనిమిదేళ్ల పిల్ల, అరచెయ్యి పట్టుకుంది. ఆ చోట నేనున్నా జారిపోద్దండి. మీరు వదల్లేదు” అన్నాడు.

నిజమో కాదో చూద్దామని నన్ను నడుంలోతులో నిలబెట్టి తన అరచేతిని పట్టుకోమన్నాడు. ఎంత బిగించినా ఒక్క గుంజుకు వచ్చేసింది. మళ్లీ పట్టుకున్నాను, మళ్లీ వచ్చేసింది. అలా ఏడెనిమిదిసార్లు చేశాం. ప్రతిసారీ జారింది. నేను వెక్కి వెక్కి ఏడుస్తున్నాను, అయినా ఇంకోసారి, ఇంకోసారి అని నేనే అడుగుతున్నాను.

తర్వాత బోర్డెక్కి నిలబడి, కావాలనే పడ్డాను. రెండుసార్లు. తొమ్మిదిన్నరకు పొట్లం విప్పి మిగతా సగం రొట్టి తిన్నాను. మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉన్నాను.

ఆదివారం రేవు మెట్లు దిగాను. మునిగే ముందు సాక్ష్యం చెప్పడం మాలో ఆనవాయితీ. అన్నయ్య పేరు చెప్పి, చెయ్యి జారిందని అందరి ముందూ చెప్పాను. వదిలేశానని చెప్పలేదు. పాస్టరుగారు నన్ను ముంచి లేపారు. భయం పోయిందా అంటే పోలేదు, నీళ్లు కనపడితే ఇంకా తల దించుకుంటూనే ఉన్నాను. కానీ ఇన్నేళ్లూ నేను నీళ్లకంటే ఎక్కువగా భయపడింది నా చేతికేనని ఇప్పుడు తెలిసింది. ఆ ఎనిమిదేళ్ల పిల్లను నేను ఎంతకాలం అన్యాయంగా శిక్షించానో తలుచుకుంటే బాధగా ఉంది.

దిండి వెళ్లేవాళ్లు ముందురోజే ఫోను చేసి పోటు ఎప్పుడు నిండుతుందో కనుక్కుని బయల్దేరండి. ఇంకొక్కటి మాత్రం బోర్డు ఎక్కినా ఎక్కకపోయినా గుర్తుపెట్టుకోండి. నీళ్లలో ఎవరికైనా చెయ్యి అందించాల్సి వస్తే అరచెయ్యి కాదు, మణికట్టు పట్టుకోండి, వాళ్లను మీ మణికట్టు పట్టుకోమనండి. సోమవారం లెక్కల పీరియడ్ పక్కన పెట్టి మా ఆరో తరగతి పిల్లలకు ఇదే నేర్పాను. మీ పిల్లలకు మీరు నేర్పండి. మాకు ఎవరూ నేర్పలేదు.