బతుకమ్మను వెనక్కి తెచ్చిన అల

సాసర్‌లో పోసుకున్న చాయ్‌ని ఊదితే పైన సన్నటి ముడతలు లేస్తాయి. ఈ ఉదయం కూడా లేచాయి. వాటిని చూస్తే రాజమణి టీచర్ గుర్తొస్తుంది. కామాటిపురాలో మా చాల్‌లో, వరసగా ఒంటిగది ఇళ్లుండే ఆ భవనంలో, మా పక్క గది ఆమెది. తెలుగు బడిలో మాకు భూగోళం చెప్పేది. ఒక మధ్యాహ్నం వరండాలో వెడల్పాటి పరాత్ పళ్లెం నిండా నీళ్లు పోసి నన్ను ఊదమంది.

"ఏమాయె?"

"ముడతలు లేచినయ్ టీచర్."

"ఆ ముడతలే గాలికి పట్టు. నున్నటి నీళ్లమీద గాలి జారిపోతది. ముడత దొరికిందా, పట్టుకొని నూకుతది. ఎంత జోరుగ, ఎంత సేపు, ఎంత దూరం నూకితే అల అంత పెద్దగైతది. ఇగ చాలు, నీ బుగ్గలు పగుల్తయ్!"

ఆ యేడు సద్దుల బతుకమ్మ నాటికి అమ్మ కడుపుతో ఉంది. అంతకు ముందు కాన్పులో బిడ్డ దక్కలేదు. చౌపాటీ ఒడ్డున సముద్రంలో మోకాలి లోతు నీళ్లలోకి దిగి, పాలమూరు చెరువులో చేసినట్టే బతుకమ్మను వదిలి చేత్తో నీటిని నెట్టింది. అల దాన్ని తెచ్చి ఆమె కాళ్ల దగ్గరే పడేసింది. మళ్లీ వదిలింది; మళ్లీ వచ్చింది. బంతిపూలు కొన్ని చెదిరాయి.

"గౌరమ్మ నా పూలు ఒద్దంటున్నదక్కా. ఈ బిడ్డ గూడ నిలువది," అంటూ అమ్మ ఇసుకలో కూలబడింది.

"లే చెల్లె," అంది మాతో వచ్చిన టీచర్. "నీ కొంగు కదులుతున్నదా? ఈడ గాలే లేదు. ఏడనో నడి సముద్రంల వీచిన గాలి లేపిన అల ఇది. ఆ గాలి ఎప్పుడో ఆగిపోయింది, అల ఇంక నడుస్తనే ఉన్నది. దానికి నీ కడుపు సంగతేం ఎరుక? ఒడ్డుకొచ్చి విరుగుతది గాబట్టి పూలను నూకుతది. అది విరిగే జాగ దాటి పోవాలె."

బతుకమ్మను అందుకుని, చీర తడుస్తున్నా లెక్కచేయక ఛాతీ లోతుకు నడిచి, విరిగే అలలకు అవతల వదిలింది. పెద్ద అల వచ్చింది. పూలు పైకి లేచాయి, దిగాయి, అక్కడే నిలిచాయి. అల మాత్రం వాటి కిందుగా సాగిపోయి మా ముందు విరిగింది. సముద్రం నీళ్లన్నీ నడిచి మన మీదికి వస్తాయనుకునేదాన్ని. నడిచి వస్తున్నది ఊపు. నాకు ఒళ్లు జలదరించింది. ఆటు మొదలై నీళ్లు వెనక్కి తీయసాగాక పూలు నెమ్మదిగా దూరమయ్యాయి.

అమ్మ లేచి నిలబడింది. "ఆ గాలి ఏడ వీచిందక్కా?"

"నాకు తెల్వది," అంది టీచర్, కొంగు పిండుకుంటూ. టీచర్ నోట ఆ మాట వినడం నాకదే మొదలు.

చెల్లెలు పుట్టింది, నిలిచింది. అది పుట్టిన తేదీ, టీచర్ పోయిన తేదీ, మా చాల్ కూల్చిన తేదీ అడగండి, తడుముకోకుండా చెప్తాను. ఏ అలను ఏ గాలి ఎప్పుడు లేపిందో మాత్రం నా లెక్కల్లోకి రాదు. చెల్లెలి మనవరాలు నా చెయ్యి పట్టుకుని, గాలి ఆడని సాయంత్రం నీళ్ల అంచున నిలబడి, "ఇది ఎక్కడికెల్లి వచ్చింది అమ్మమ్మా?" అంటుంది.

"నాకు తెల్వది బిడ్డా," అంటాను, మనసు నిండుగా.