ఎవరివో డబ్బా

కాలేజీలో అందరూ ఆవిడని ఎముకలమ్మ అంటారు. జంతుశాస్త్రం విభాగంలో అటెండరుగా చేరి ఇరవై రెండేళ్లయింది. చచ్చిన జీవాల ఎముకలు నానబెట్టి, తోమి, ఆరబెట్టి, తీగతో కట్టి నిలబెట్టడం ఆవిడ పని. చదువు అంతంతమాత్రమే గానీ ఎముకల వరస మాత్రం నోటికొచ్చు. భుజం నుంచి ఒకటి, దాని కింద రెండు, తర్వాత గులకరాళ్లలాంటివి, చివర వేళ్లు. మనిషి చెయ్యయినా, గబ్బిలం రెక్కయినా, డాల్ఫిన్ ఈదే తెడ్డయినా అదే వరస.

"అన్నీ ఒకే దర్జీ కుట్టినట్టున్నాయి మేడమ్" అంది ఒకసారి.

"దర్జీ ఎవరూ లేడమ్మా. వీటన్నిటికీ తాత ఒకడే. అందుకే ఈ పోలికలు" అని నవ్వింది పాఠాలు చెప్పే మేడమ్.

ఈసారి ఒడ్డుకు కొట్టుకొచ్చిన డాల్ఫిన్‌తో నాలుగు నెలలు కుస్తీ పట్టింది. శనివారం మేడమ్ వచ్చి, వెన్నెముక కింద చెయ్యి పెట్టి చూసింది.

"తుంటి ఎముకలేవమ్మా?"

"కాళ్లే లేనిదానికి తుంటెందుకు తల్లీ?"

"దీని పూర్వీకులు నాలుగు కాళ్లతో నేలమీద తిరిగినవే. నీళ్లలో బతకడం మొదలయ్యాక, వెనక కాళ్లు పొట్టిగా ఉన్నవి బాగా ఈది, ఎక్కువ పిల్లల్ని కన్నాయి. అలా లక్షల తరాలు గడిచేసరికి కాళ్లు మాయమయ్యాయి. తుంటి మాత్రం వేలెడంత మిగిలింది."

ఎముకలమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. డాల్ఫిన్‌ని కట్టడం అయ్యాక పళ్లెంలో పుల్లల్లాంటివి రెండు మిగిలాయి. దేనికీ అతకలేదు. వేరే జీవానివి కలిశాయనుకుని "ఎవరివో" అని రాసిన డబ్బాలో పడేసింది. అందులో ఇన్నేళ్ల మిగులు ఎముకలు, రెండొందల పైచిలుకు!

"సోమవారం పొద్దున్నే దీని చుట్టూ అద్దం బిగించేస్తారు. పోనీ, ప్లాస్టరుతో చేసి వేలాడదీద్దాం. ఎవరికి తెలుస్తుంది?" అంది మేడమ్.

"నాకు తెలుస్తుంది కదమ్మా. పిల్లలొచ్చి ఇదే సాక్ష్యమనుకుని చూస్తారు. దొంగ సాక్ష్యం నా చేత్తో కట్టను."

అడిగి డబ్బా ఇంటికి తెచ్చేసింది. ఆదివారం పొద్దున్నే డాబామీద అంతా పరిచి కూర్చుంది. మొగుడు బట్టలు కుడతాడు. మిషను ఆపి పైకొచ్చాడు.

"ఏమే, ఇంటికి కూడా మోసుకొచ్చావా చుట్టాల్ని?"

"ఎకసెక్కాలాపి ఓ చెయ్యి వెయ్యి. కుడీ ఎడమా జతలు కావాలి."

"అలా చెప్పు. ముప్పయ్యేళ్లుగా చొక్కా చేతులు కత్తిరిస్తున్నా, ఆ మాత్రం తెలీదా?"

మధ్యాహ్నానికి నాలుగు జతలు తేలాయి. నాలుగూ పుల్లల్లాంటివే. ఏది డాల్ఫిన్‌ది? ఎముకలమ్మ కళ్లు మూసుకుని ఆలోచించింది. డాల్ఫిన్ ఎముకలు మూడుసార్లు సబ్బునీళ్లలో నానబెట్టినా జిడ్డు వదల్లేదు. తన వేళ్లకి ఇంకా ఆ వాసన పోలేదు. లోపలి నూనె ఎండకి బయటికొస్తుంది!

ఒక్కో జతా ఒక్కో తెల్లకాగితంమీద పెట్టి, కదలకుండా కాపలా కూర్చుంది. అన్నానికి పిలిస్తే "నువ్వు తినెయ్" అంది. పొద్దువాలేసరికి మూడు కాగితాలు శుభ్రంగా ఉన్నాయి. నాలుగోదానిమీద రెండు నూనె మరకలు.

"దొరికిపోయారు దొంగలు!" అని కేకేసింది.

సోమవారం అద్దాలు బిగించే అతను వచ్చేసరికి, వెన్నెముక కింద సన్నటి తీగతో ఆ రెండూ కట్టేసింది. మేడమ్‌కి మరకల కాగితం చూపించింది. మేడమ్ దాన్ని వెలుగుకి పెట్టి చూసి, ఎముకలు అటూ ఇటూ తిప్పి, తలూపింది.

"ఇవి ఊడిపోయి వేలాడుతున్నాయేంటమ్మా?" అన్నాడు అద్దాలతను.

"ఊడలేదు నాయనా, అక్కడే ఉండాలి. వీళ్ల ముత్తాతలు నడిచారని చెప్పేది అవే. బిగించు."

అద్దం బిగించాక ఎముకలమ్మ డబ్బా మళ్లీ ముందేసుకుని కూర్చుంది. ఇంకా రెండొందలున్నాయి. ఎవరివో తేల్చాలి.