అమ్మ అంగిట్లోని ఎముక

మొన్న మా మనవరాలు నన్ను పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. పై పళ్లన్నీ ఊడిపోయి చాన్నాళ్లయింది, కట్టుడు పళ్లు పెట్టించుకోమని అది ఏడాదిగా పోరుతుంటే, గంజన్నానికి పళ్లెందుకని నేను దాటేస్తూ వచ్చాను. ఆ డాక్టరమ్మ నోట్లోకి లైటు వేసి చూసి, అంగిట్లో ఎముక కొంచెం పెరిగి ఉంది మామ్మగారూ, ఇంటి వరసలో వచ్చేదే, దానివల్ల ఏ హానీ లేదు, పళ్ల సెట్టు మాత్రం దాన్ని తప్పించి చేయాలి అంది. మనవరాలు హడలిపోయి ఫోను తీసింది. నేను మాత్రం నాకు తెలుసులే అన్నాను. ఎలా తెలుసే అని అది దారంతా అడిగింది. ఆటోలో చెప్పే సంగతి కాదని ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

మన ఈడు వాళ్లకు అడ్డపొగ గురించి చెప్పనక్కర్లేదు గానీ, పిల్లలెవరైనా చదువుతారేమోనని చెబుతున్నాను. మా శ్రీకాకుళం పల్లెల్లో ఆడవాళ్లు చుట్టకి నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని తాగేవారు. ఊడుపుల్లో గాలి కొట్టినా జల్లు పడినా నిప్పు ఆరదు, ఒక్క చుట్ట చాలాసేపు వస్తుంది, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. మా అమ్మ నోట్లో నిప్పు పెట్టుకునే నారు పీకేది, పెదవులు కదిపీ కదపకుండా మమ్మల్ని తిట్టేది కూడా. అమ్మకి అక్క, అంటే మా పెద్దమ్మ, అదే అలవాటుతో అంగిట్లో రాచపుండు లేచి, చివరికి గంజి నీళ్లు కూడా దిగక చనిపోయింది. ఆవిడ పోయిన ఏడాదే అమ్మ నాలిక్కి తన అంగిట్లో ఏదో గట్టిగా తగిలింది.

నేనప్పుడు నాలుగో తరగతి. ఒక రోజు బడి నుంచి రాగానే అమ్మ నన్ను పశువుల సాల వెనక్కి పిలిచి, నోరు తెరిచి, నా వేలు లోపల పెట్టించింది.

"సూడే గుంటా. సింతపిక్కంత ఉన్నాది కదా?"

ఉంది. నున్నగా, రాయిలా ఉంది. అవునన్నాను.

"మీ అయ్యకి సెప్పకు. మీ పెద్దమ్మకీ ఇలాగే మొదలైంటాది. నాను పోతే తమ్ముడికి నువ్వే దిక్కు. రేపట్నుంచి బడి ఒగ్గేసి నాతో ఉండు, పని నేర్సుకో."

ఆసుపత్రికి వెళదామంటే ఒప్పుకోలేదు. డాక్టరు రాచపుండని పేరు పెడితే ఇక మనిషి నిలవదని అమ్మ నమ్మకం. పెద్దమ్మ విషయంలో అలాగే జరిగింది మరి. అయ్యకి మాత్రం, ఇంట్లో పనికి చెయ్యి చాలటం లేదు, పిల్లని ఉంచుకుంటానని చెప్పింది. ఆ రోజుల్లో అది ఎవరూ అడ్డు చెప్పే మాట కాదు.

అలా రెండేళ్లు నేను ఇంట్లో ఉన్నాను. చోడి అంబలి, అంటే రాగి అంబలి, ఎంత చిక్కగా కాచాలో, విత్తనాల కుండకి మట్టి మూత ఎలా పెట్టాలో, పాత చీరలో ఏ ముక్క బొంతకి పనికొస్తుందో, గింజ నేలన పడితే ఎలా వంగి ఏరుకోవాలో, అన్నీ తను పోయేలోగా నాకు అప్పజెప్పాలన్న తొందరలో నేర్పింది. నన్నిప్పుడు కోడళ్లు గట్టిమనిషి, పిసినారి అని చాటున అనుకుంటారు, అననీ, ఆ రెండేళ్ల చదువే అది. నేను మాత్రం రోజూ అమ్మ తినేటప్పుడు ఎదురుగా కూర్చుని ముద్దలు దిగుతున్నాయో లేదో చూసేదాన్ని. చుట్ట మానమని ఒకసారి అంటే, "కాలాల్సింది కాలిపోనాది, ఇంకేటి మిగిలినాది?" అని ఇంకోటి వెలిగించింది.

చివరికి అమ్మకి దవడ పన్ను పుచ్చి బుగ్గ బూరెలా పొంగింది. రెండు రోజులు చూసి అయ్య మమ్మల్నిద్దర్నీ నౌపడలో రైలెక్కించి మిషన్ ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడ అమ్మ నోరు తెరవదే.

"పన్ను సూపించడానికింత బిగువేటే?" అని అయ్య కసిరాడు.

డాక్టరమ్మ ఎలాగో తెరిపించి, పన్ను పీకి, పైన అంగిట్లోకి చూసి ఆగింది. నాకిక దాచడం చేతకాలేదు. అది రాచపుండండీ, రెండేళ్లయిందండీ అని ఏడ్చేశాను. అయ్య అక్కడే బల్ల మీద కూలబడ్డాడు. డాక్టరమ్మ వేలితో నొక్కి చూసి, ఇది పుండు కాదు, ఎముక, కొందరికి ఇలాగే ఉంటుంది, దీన్ని ముట్టుకోనక్కర్లేదు, కానీ చుట్టూ తెల్లబడిన చర్మం చూస్తే నాకు భయంగా ఉంది, ఆ నిప్పు ముందు మానెయ్ అంది. అమ్మ నమ్మలేక, "ఎముకేనా? నిజంగా సెప్పండమ్మా" అని మూడుసార్లు అడిగింది. ఆ తర్వాత నిప్పు బయటికి పెట్టి కొన్నాళ్లు తాగింది గానీ, రుచి లేదని విసుక్కుని తనే మానేసింది. మరో ముప్పయ్యేళ్లు బతికింది.

తిరుగు రైల్లో అమ్మ బుగ్గలో దూది పెట్టుకునే నవ్వుతోంది. స్టేషను బోర్డులు చదవమంది. కూడబలుక్కుని చదివాను. "సదువెక్కడికీ పోనేదే నీకు" అని, బుగ్గలో దూది సర్దుకుని, "రేపు బడికెల్తావేటే?" అంది. అప్పటికి మా తమ్ముడు నాలుగులోకి వచ్చాడు. వాడి పక్కన, వాడి తోటివాళ్ల మధ్య, అందరికంటే పొడుగ్గా కూర్చోవడం తలుచుకుంటేనే సిగ్గేసింది. ఎల్లను అన్నాను. అమ్మ నా ముఖంలోకి చూసి, కిటికీ వైపు తిరిగింది.

ఇప్పుడు మా వైపు అడ్డపొగ తాగే ముసలమ్మ కనబడటమే అరుదు. నోట్లో చిన్న పొక్కు లేచినా ఆడవాళ్లు దాచుకోకుండా చూపించుకుంటున్నారు. ఇంటరు తర్వాత మా మనవరాలు ఇక చదవనని మొండికేసి ఇంట్లో కూర్చుంటే, ఎచ్చెర్ల కాలేజీలో చేరేదాకా ఇంటిల్లిపాదీ దాని వెంటపడ్డారు, అందరికంటే ఎక్కువ వెంటపడింది నేనే. మా అమ్మ మీద నాకు కోపం లేదు. చచ్చిపోతున్నాననుకున్న మనిషి, తనకి తెలిసిందంతా నాకిచ్చింది. బతుకుతానని తెలిసిన రోజునే నా బడి కూడా గుర్తు చేసుకుంది. కాకపోతే ఒక్కసారే అడిగింది. ఇంకొక్కసారి అడిగి ఉంటే వెళ్లేదాన్ని.