గోడకి అటువైపు మోటారు మిషన్

ఆ వీధిలో కుట్టుపని అంటే పెద్ద కోడలే. పెళ్లయిన ఏడాదే తొక్కుడు మిషన్ కొనుక్కుని, అత్తగారి చేత "ఇంటికి రెండో మగాడు" అనిపించుకుంది. చిన్న కోడలు కాపురానికి వచ్చాక ఇంటికి నడిమధ్య గోడ కట్టి పంచారు. ఆ చిన్నదానికి కాజాలు తీయడం నేర్పిందీ ఈవిడే.

పేదరికాన్ని లేకుండా చేయాలని ఎన్నో దేశాలు కలిసి పెట్టిన పథకం ఒకటి ఆ వీధికీ వచ్చింది. కుట్టుకి మోటారు మిషన్ ఎవరికివ్వాలో చూడటానికి ఆ పథకం నడిపే సంస్థ అమ్మాయి ఇల్లిల్లూ తిరిగింది. చిన్న కోడలి ఇంట్లో కప్పు కారి గదంతా గిన్నెలే. పెద్ద కోడలు మాత్రం రెక్కలు ముక్కలు చేసుకుని అప్పుడే కొత్త రేకులు వేయించుకుంది.

"మీకు కప్పు బాగుందండీ. ముందు మీకన్నా లేనివాళ్లకి ఇవ్వాలి" అంది ఆ అమ్మాయి.

మోటారు మిషన్ గోడ అవతల దిగింది.

"కారనిచ్చి కూర్చుంటే నాకే వచ్చేది! కష్టపడ్డందుకా ఈ శిక్ష?" అని పెద్ద కోడలు మొగుడి మీద విరుచుకుపడింది.

బస్తాలు మోసి వచ్చిన ఆయన నడుము వాల్చుతూ, "పోనీలేవే, తమ్ముడి ఇంటికేగా వచ్చింది" అన్నాడు. పుండు మీద కారం చల్లినట్టయింది.

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు. అటు మోటారు ర్‌ర్‌మంటే ఇటు ఈవిడ కడుపు రగిలేది. "మోటారు కుట్టు రెండు ఉతుకులకే విడిపోతుంది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. కరెంటు పోతే ప్రాణం లేచొచ్చేది. కుట్టడానికి బట్ట లేకపోయినా అవతలికి వినబడాలని మిషన్ దడదడా తొక్కేది.

కొన్నాళ్లకి పై దేశాల నుంచి పథకం పెద్దలు చూడటానికి వచ్చారు. చిన్నది ఒట్టి నాటకాలదని చెప్పేద్దామని ఈవిడ కొంగు బిగించి వెళ్లింది. తీరా చూస్తే మిషన్ సంపాదనతో వేయించిన కొత్త కప్పు కింద, పుల్లలా ఉండే మరిది కూతురు బొద్దుగా తయారై నిద్రపోతోంది. ఈవిడ బిగించిన కొంగు వదిలేసింది.

"వీధిలో పేదరికం పోయిందా అని అడుగుతున్నారండీ" అంది సంస్థ అమ్మాయి.

"గోడకి అటు పోయిందమ్మా. ఇటు కాళ్లు చాపుకుని కూర్చుంది."

ఆ అమ్మాయి వాళ్ల భాషలో మొదటి సగమే చెప్పినట్టుంది, పెద్దలు సంతోషంగా చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత పథకం వేరే ఊరికి వెళ్లిపోయింది. గోడకి ఇటువైపు రానే లేదు.

బడులు తెరిచే ముందు గాలివానకి స్తంభాలు పడిపోయి కరెంటు పోయింది. చిన్న కోడలు యూనిఫారాల మూట పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"అక్కా, నీ మిషనే దిక్కు."

"దేశాలన్నీ కలిసి ఇచ్చిన మిషన్ ఏమైందే?"

"మిషనైతే ఇచ్చారు గానీ కరెంటు ఇవ్వలేదుగా అక్కా."

పెద్ద కోడలికి నవ్వొచ్చింది. బిగబట్టుకుని, "ఆ కాలర్లు ఇటు తే" అంది. పెద్దది తొక్కింది, చిన్నది కాజాలు తీసింది. యూనిఫారాలు వేళకి అందాయి. కరెంటు వచ్చాక కూడా సగం పని గోడకి ఇటు రావడం మానలేదు. రెండిళ్లలోనూ పొయ్యి వేళకి వెలుగుతోంది.

మరి ఆ మంట చల్లారిందా అంటే, లేదు. జనం ఇప్పుడు ఇద్దరి పనినీ చిన్న కోడలికే కట్టబెట్టి "చిన్నమ్మ కొట్టు" అంటున్నారు. అది చెవిన పడితే పెద్ద కోడలు ఉన్నపళంగా వీధిలోకి వచ్చి, "ఆ కాలరు కుట్టింది నేనండీ!" అని అరుస్తుంది.