అమ్మ నడుము మీది అక్కి

మా అక్క కూతురి జబ్బ మీద టీకా మచ్చ లేదు. ఆ సంగతి నాకు పిల్ల ఒళ్లంతా పొక్కులు లేచిన పొద్దున తెలిసింది.

"ఇదేంటే అక్కా, టీకా ఏదీ?" అన్నాను. అక్క చీర చెంగు నోట్లో కుక్కుకుంది. తన అత్తారింట్లో, ఉయ్యూరులో, టీకాల వాళ్లు వచ్చినప్పుడల్లా పిల్లని వడ్ల బస్తాల వెనక దాచేసిందట. చెయ్యి వాస్తుంది, జ్వరం వస్తుందని భయం! నాకు ఒళ్లు మండిపోయింది.

అవి డెబ్బైల నడిమి రోజులు. మన దగ్గర మశూచి తగ్గిపోయిందని అంటున్నారు గానీ, ఉత్తరాదిన ఇంకా ఉందని పేపర్లో రాస్తూనే ఉన్నారు. గుణదలలో అమ్మా నేనూ ఉండేవాళ్లం. పిల్ల కాన్వెంటు చదువు కోసం మా దగ్గరే ఉండేది. జ్వరమని కబురంపితే ముందురోజే అక్క బస్సెక్కి వచ్చింది. మాది క్రైస్తవుల ఇల్లు, చర్చినే గుడి అనేవాళ్లం. అయినా పొక్కులు లేస్తే ఊరందరిలాగే అమ్మవారనే అనేవాళ్లం. పెద్దదైన మశూచైనా, చిన్నదైన ఆటలమ్మైనా అమ్మవారే. కానీ పెద్దదైతే పిల్ల దక్కకపోవచ్చు. అది ముగ్గురికీ తెలుసు.

నేనేమో బెజవాడ కాలేజీలో కొత్తగా చేరిన జువాలజీ డిమాన్‌స్ట్రేటర్ని. ఈ రెండు వైరస్‌ల గురించీ అంతకు ముందు వారమే క్లాసులో గొంతు చించుకున్నాను. మశూచిది ఇటుక ఆకారం. కణంలోకి దూరినా కేంద్రకం గడప తొక్కదు, బయటే ఉండి తన నకళ్లు తనే తయారుచేసుకుంటుంది. ఆటలమ్మది వేరే కుటుంబం. గుండ్రంగా, పైన పల్చటి పొరతో ఉంటుంది. తిన్నగా కేంద్రకంలోకే పోయి, అక్కడి సరంజామాతో పిల్లల్ని పెడుతుంది. బోర్డు మీద బొమ్మలు వేసినంత సేపు పట్టలేదు ఆ చదువంతా గాలికి పోవడానికి. ఇటుకో గుండో చూడాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఎక్కణ్ణించి తేను? నాకున్నవి రెండు కళ్లు, అవీ నీళ్లు నిండినవి.

పిల్ల అరచేతులు తిప్పి చూశాను, మశూచైతే అక్కడా లేస్తుంది. ఏమీ లేవు. పొట్ట మీదే ఎక్కువ. కొన్ని ఎర్రటి దద్దుర్లు, కొన్నిట్లో అప్పుడే నీరు. ఆటలమ్మ లక్షణాలే. కానీ మొదటి రోజు ఏం చెప్పగలం? పైగా కాన్వెంటులో గానీ, వీధిలో గానీ ఎవరికీ ఆటలమ్మ లేదు. మరి ఎక్కణ్ణించి వచ్చినట్టు? ఉత్తరాది నుంచి ఎవరో మోసుకొచ్చిన మశూచైతే?

"నేను ఆస్పత్రికెళ్లి చెప్పొస్తా" అన్నాను.

"నీకు దణ్ణం పెడతా చెప్పకే! పిల్లని పట్టుకుపోతారు" అని అక్క నా చెయ్యి పట్టేసుకుంది.

"చెప్పకపోతే వీధంతా అంటిస్తాం. ఇప్పటిదాకా దాచింది చాల్లే!"

అక్క భోరుమంది. అమ్మ మమ్మల్నిద్దర్నీ కసిరి, తడిగుడ్డ పిండటానికి వంగి "అబ్బా" అని నడుము పట్టుకుంది. రవిక కింద, పక్కటెముకల మీద సగం చెరిగిన ఎర్రమట్టి జాజు మరక కనిపించింది.

అక్కి! రెండు మూడు వారాల కిందట అమ్మకి నడుము చుట్టూ నీటిపొక్కులు బారుగా లేచి, మంటలు పుట్టాయి. దానికి అదే మందని కుమ్మరాయన్ని పిలిపించి జాజుతో అక్కి రాయించుకుంది. గుడికెళ్లే మనిషివి ఇదేం పనని నేను ఎగిరితే, "దేవుడు జాజుకి కూడా అడ్డు చెప్పాడా ఏంటే?" అంది. అదే అమ్మవారైతే పిల్లని గది ఛాయలకి రానిచ్చేవాళ్లం కాదు. అక్కే కదా అని ఎవరం పట్టించుకోలేదు. పిల్ల రోజూ అమ్మ నడుము వాటేసుకునే పడుకుంది.

"అమ్మా, చిన్నప్పుడు నీకు ఆటలమ్మ పోసిందా?"

"పామర్రులో ఉండగా పోసింది. అదెందుకిప్పుడు?"

"ఇది మశూచి కాదే అక్కా!" అని అరిచాను. ఆటలమ్మ తగ్గినా ఆ వైరస్ ఒంట్లోంచి పోదు. నరాల మొదట్లో నక్కి నిద్రపోతుంది. పెద్దతనంలో లేస్తే అదే అక్కి. ఆ నీటిపొక్కుల్లో ఉండేది ఆ పాత ఆటలమ్మే. అయినా ఆగలేక ఆస్పత్రికి పరిగెత్తి డాక్టరుగారిని తీసుకొచ్చాను. ఆయన అరికాళ్లు, అరచేతులు, నోరు అన్నీ చూసి, "భయం లేదండీ, ఆటలమ్మే" అన్నారు. అక్క నేలమీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

అమ్మ మాత్రం గోడకానుకుని నిలబడిపోయింది. "అంటే, పిల్లకి నా ఒంట్లోంచే అంటిందా?"

"మరింకెవరి నుంచి?" అన్నాను, కనిపెట్టానన్న సంబరంలో.

ఆ సాయంత్రమే అమ్మ తన చాప వరండాలోకి మార్చుకుంది. పిల్ల పొక్కులు మాడి, చెక్కులు రాలి, స్నానం పోశాక కూడా దగ్గరికి రానివ్వలేదు. "మీ అమ్మ దగ్గర పడుకో" అని అటు తిరిగిపోయేది. అక్కి కూడా మానిపోయింది కదమ్మా అని ఎంత చెప్పినా వింటేనా!

ఒక మధ్యాహ్నం పిల్ల దిండు చంకన పెట్టుకుని వరండాలోకి నడిచింది.

"అమ్మమ్మా, నాకు అయిపోయిందిగా! ఇంక నీ దగ్గర్నించి రాదంట, పిన్ని చెప్పింది. జరుగు."

 అమ్మ గోడవైపుకి జరిగింది, పిల్ల దిండు పట్టేంత.