అవ్వ సంచి పెట్టిన చోటు

ఇది మూడు తరాల వంశగాథ. ఇందులో ఒక కోట కూలుతుంది, ఒక రాణి వనవాసం ముగించుకుని తిరిగి వస్తుంది, ఒక రథం కోసం ఒక సింహాసనం పోతుంది. ఇట్లా మొదలుపెడితే నలుగురు చదువుతారని ఆశపడ్డాను గానీ, అబద్ధాన్ని ఎంతదూరం మోయగలం. కోట అంటే నిజామాబాదులో మా తాత కట్టిన రెండు గదుల పెంకుటిల్లు. రాణి మా అవ్వ, అంటే బాపును కన్న తల్లి. వనవాసం బోధన్‌లో మా మేనత్త ఇంట్లో, వేళకు తిని, టీవీ చూస్తూ జరిగింది. రథం, ఎవరో వాడి అమ్మేస్తే నేను కొనుక్కున్న చిన్న కారు. ఇక సింహాసనం, వీధి గుమ్మానికి ఎడమ పక్కన ఉండిన అరుగు.

ఈ ఏడు మొదటి వాన పడిన సాయంత్రం, ఎండాకాలంలో పుట్టీ పెట్టించి లేత గోధుమ రంగు వేయించిన ముందుగదిలో కూర్చుని ఉంటే, గోడలోంచి తంబాకు వాసన వచ్చింది. ముందు పెయింటు వాసన, దాని కింద తడిసిన సున్నం వాసన, దాని కింద నుంచి మెల్లగా, పిలవని చుట్టంలాగా, ఘాటుగా, కొంచెం తీపిగా తంబాకు. పెయింటర్ పది కాలాలు గ్యారంటీ అన్నాడు. గ్యారంటీ రంగుకే తప్ప వాసనకు కాదని అప్పుడు తెలిసింది. అమ్మ అగరొత్తి వెలిగించింది. అప్పుడు గదిలో తంబాకు తాగే గుడి వాసన వచ్చింది.

మా గల్లీని నా చిన్నప్పుడు కట్టల గల్లీ అనేవాళ్ళు, ఇంటింటా ఆడవాళ్ళు బీడీలు చుట్టి కట్టలు కట్టేవాళ్ళు కాబట్టి. పొద్దున వంటలయ్యాక, అవ్వ రాత్రి నానబెట్టిన తునికాకును తడి గోనెసంచిలోంచి తీసి, రేకుముక్క ఆనించి కత్తెరతో ఒకే కొలతకు కోసుకుని అరుగెక్కేది. ఎదురింటి రాజవ్వ, వెనక సందులోంచి ఇంకో ఇద్దరు, ఎవరి చాట వాళ్ళు పట్టుకుని వచ్చేవాళ్ళు. గోడకు వీపు ఆనించి, బాసింపట్టు వేసి, ఒళ్ళో చాట పెట్టుకుంటే ఇక సాయంత్రం దాకా ఆ నాలుగు జతల చేతులు ఆగేవి కావు. నోళ్ళు అసలే ఆగేవి కావు. ఆకు తీయడం, చిటికెడు తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం, మూతి మడవడం, ఇదంతా వేళ్ళు చూసుకునేవి. కళ్ళు మాత్రం గల్లీలో ఎవరు ఎవరింటికి పోయిండ్రో, ఉత్త చేతులతో పోయిండ్రా సంచితో పోయిండ్రా చూసేవి. సీసీ కెమెరాలు మా గల్లీకి ఇప్పుడొచ్చాయి గానీ అప్పటంత బాగా పనిచేయడం లేదు.

ఆ అరుగు మీది షాబాదు బండలు తాత తెచ్చినవి. చెరుకు సీజనులో ఆయన బోధన్ ఫ్యాక్టరీకి కూలికి పోయేవాడట. ఒక ఏడు సీజను అయిపోయాక, తెలిసిన లారీ ఇటువైపు ఖాళీగా వస్తుంటే దాంట్లో బండలు వేసుకుని వచ్చి, ఇంటికి తలుపులు పెట్టించకముందే అరుగు వేయించాడని అవ్వ చెప్పేది. తలుపుల్లేని ఇంటికి అరుగేమిటని అడిగితే, "తలుపు మందిని ఆపెతందుకురా, అరుగు మందిని పిల్సెతందుకు. మీ తాతకు మంది గావాలె" అనేది. ఒక బండ మీద తాత మేకుతో పచ్చీసు గళ్ళు చెక్కాడు. ఎండాకాలం సెలవుల్లో చింతగింజలు ఒక పక్క తెల్లగా అరగదీసి మేము ఆ గళ్ళ మీద రాజ్యాలు ఓడిపోయేవాళ్ళం. బండ చల్లదనం నిక్కర్లోంచి ఎక్కేది. తుమ్ములు ఉచితం.

బతుకమ్మ రోజుల్లో చాటలు లోపలికి పోయి అరుగు నిండా తంగేడు, గునుగు, బంతి కుప్పలు పడేవి. గునుగుకు అద్దిన గులాబి రంగు, ఆకుపచ్చ రంగు మా మోచేతుల దాకా అంటేవి. బీడీ మూతి మడిచే వేళ్ళతోనే అవ్వ పూలకాడలు వరసపెట్టి తిప్పుతుంటే, చూస్తుండగానే బతుకమ్మ నడుమెత్తు లేచేది. నువ్వుల పొడి, పల్లీల పొడి, బెల్లం నెయ్యి వేసి పిసికిన మలీద ముద్దలు కూడా ముందు అరుగు మీదికే వచ్చేవి. మా ఇంట్లో అదొక కట్టుబాటు. ఎవరు ఎక్కడి నుంచి ఏం తెచ్చినా ముందు అరుగు మీద పెట్టాలి, కాళ్ళు కడుక్కోవాలి, అప్పుడే అది లోపలికి పోవాలి. కూరగాయల సంచైనా, కొత్తబట్టలైనా, ఆస్పత్రి నుంచి తెచ్చిన పసిపిల్ల అయినా అంతే. నన్ను కూడా ముందు అక్కడే పెట్టారట, వంకాయల పక్కన.

చలికాలంలో మేనత్త వాళ్ళింటికి బోధన్ పోయేవాళ్ళం. బస్సు ఊరు చేరకముందే కాలిన తీపి వాసన కిటికీలోంచి వచ్చేది. రోడ్డు పొడుగునా చెరుకు బండ్లు, ట్రాక్టర్లు, వెనక నుంచి ఒక గడ లాగి పరుగెత్తే పిల్లలు, తిట్టినా బండి దిగని బండివాళ్ళు. కాలువ పక్క పొలాల ఆంధ్రా రైతుల ఇళ్ళ నుంచి మేనత్తకు కొత్త బెల్లం వచ్చేది, ఇంకా వేడి తగ్గనిది, అరిటాకులో. ఇప్పుడు ఫ్యాక్టరీ మూతపడింది, పొలాల్లో ఎక్కువగా వరే కనిపిస్తుంది, బస్సులో నిద్రపోతే బోధన్ వచ్చిందని చెప్పడానికి వాసన లేదు, కండక్టరే లేపాలి.

వాసనల మాట వచ్చింది కాబట్టి బడి సంగతి కూడా. మూడో తరగతిలో ఇంగ్లీషు మీడియం సారు ఒకరు నా నోట్‌బుక్కు వాసన చూసి, తర్వాత నా చొక్కా వాసన చూసి, తర్వాత నా సంచీ బోర్లించి బీడీల కోసం వెతికాడు. మర్నాడు అవ్వ చేతులు కూడా కడుక్కోకుండా బడికొచ్చింది. "సారూ, పోరడు బీడీ తాగుతలేడు. తాగెటోడైతే నాకాడ లెక్క తక్కువైతుండె గదా" అంది. సారు నా సంచీ వెతకడం మానేశాడు. బడి మాత్రం చాలా కాలం నన్ను బీడీ అనే పిలిచింది. నేను పలికేవాణ్ణి.

ఇప్పుడు కట్టల గల్లీ లేదు. మూల మీద పళ్ళ డాక్టరు, జిమ్ము, కాఫీ షాపు వచ్చి, పేరు ఏదో అవెన్యూ అయింది. ఇరుపక్కలా అపార్టుమెంట్లు లేచాక మధ్యలో మా ఇల్లు పెళ్ళిఫోటోలో చెప్పులు విడవడం మరిచిన మనిషిలా కనిపించసాగింది. బాగుచేయిద్దామన్నాడు బాపు. దుమ్ముకు అవ్వకు దగ్గు వస్తుందని, పని అయ్యేదాకా ఆమెను బోధన్ పంపించాం. ఒక జీవితకాలం తంబాకు దుమ్ములో కూర్చున్న మనిషికి సిమెంటు దుమ్ము పడదని మాకెవరు చెప్పారో తెలియదు. బస్సు ఎక్కుతూ ఆమె ఒక్కటే చెప్పింది. "ఏమన్న జేసుకోన్రి, నా అరుగు సుట్టు నీళ్ళు నిలవకుంట జూడున్రి."

నీళ్ళు నిలవలేదు.

గేటు పెట్టే రోజు మేస్త్రీ వచ్చి, "అన్నా, కారు లోపలికి రావాలంటే ర్యాంపు గట్టాలె. అరుగు ఉంచాల్నా, తీయాల్నా?" అని అడిగాడు. బాపు నావైపు చూశాడు. నేను అమ్మవైపు చూశాను. అమ్మ, "నన్నేం అడుగుతరు, కారు నాదా" అని పాలు పొంగుతున్నాయని లోపలికి పోయింది. పొయ్యి మీద పాలు లేవు. బాపు ఫోన్ మోగిందని చెవికి పెట్టుకున్నాడు. నేను కారు అద్దంలో తల దువ్వుకున్నాను. మా ఇంట్లో పెద్ద నిర్ణయాలన్నీ ఇట్లాగే, ఎవరూ తీసుకోకుండా జరిగిపోతాయి. మేస్త్రీ కాసేపు చూసి, "సరే మరి" అని గడ్డపార తెమ్మన్నాడు. తీయమని మాలో ఎవరమూ అనలేదు. తర్వాత చాలాసార్లు ఒకరికొకరం ఆ సంగతి గుర్తుచేసుకున్నాం, అదేదో సాయం చేస్తుందన్నట్టు.

అవ్వ ఆటో దిగిన రోజు మేము ముగ్గురం గేటు దగ్గర వరసగా నిలబడ్డాం. ఆమె కొత్త రంగు, కొత్త గేటు చూస్తూ, "మంచిగున్నది, మంచిగున్నది" అంటూ వచ్చింది. వస్తూ వస్తూ, కళ్ళు గోడ మీదే ఉంచి, చేతిలో సంచిని ఎడమ పక్కకు పెట్టింది. ఎప్పుడూ పెట్టే చోటే, ఎప్పుడూ పెట్టే ఎత్తులోనే పెట్టింది. అక్కడ గాలి ఉంది. సంచి కిందపడి, మేనత్త ఇచ్చిన బెల్లం ముద్దలు ర్యాంపు మీద దొర్లుకుంటూ ఒకదాని వెనక ఒకటి రోడ్డు మీదికి పోయాయి. వాటిని ఏరుకొచ్చే పని దొరికినందుకు నేను చాలా సంతోషించాను. వంగిన మనిషి ఎవరి మొహమూ చూడక్కర్లేదు.

"అరుగేదిరా?" అంది అవ్వ, నన్ను కాదు, బాపును.

"లోపల నీకు ఏసీ రూం కట్టించినమవ్వా. బాత్రూం గూడ అండ్లనే" అన్నాడు బాపు.

"ఏసీల రాజవ్వ కూసుంటదా?"

బాపు మళ్ళీ ఫోన్ తీశాడు. ఈసారి అది మోగను కూడా మోగలేదు.

మర్నాడు పొద్దున రాజవ్వ, మిగతా ఇద్దరూ చాటలతో వచ్చారు. అవ్వ వాళ్ళను లోపలికి పిలిచింది. గుమ్మంలో చెప్పులు విడిచి, తెల్లటి టైల్స్ చూసి, తమ పాదాలు చూసుకుని ఆగిపోయారు. అమ్మ గబగబా ప్లాస్టిక్ కుర్చీలు వేసింది. కుర్చీలో కాళ్ళు కిందికి వేలాడితే ఒళ్ళో చాట నిలవదు, అమ్మకది తెలుసు, పెళ్ళయిన కొత్తలో ఆమె కూడా ఆ గోడకే వీపు ఆనించింది. తెలిసే వేసింది. వాళ్ళకూ అది అర్థమైంది. "మల్లొస్తం తీ" అంది రాజవ్వ.

"యాడికి వోతరు, ఆగున్రి" అని అవ్వ బయటికి నడిచి ర్యాంపు మీద కూర్చుంది. ముగ్గురూ పక్కన కూర్చున్నారు. చాటలన్నీ ఒకేవైపు వంగి, తంబాకు సన్నగా రోడ్డువైపు కారసాగింది. రాజవ్వ కొంచెం జారి అవ్వ మీద పడింది.

"నా మన్మడు జారుడుబండ గట్టిచ్చిండే. ముసల్దానయినంక ఆడుకుంటదని" అంది అవ్వ.

నలుగురూ కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. మా ఇంట్లో జోకులు వేసేవాణ్ణి నేనే అనుకుని బతుకుతున్నాను ఇన్నాళ్ళూ. 

అప్పటి నుంచి అవ్వ అన్నం తినగానే చాట పట్టుకుని రాజవ్వ ఇంటికి పోతుంది. ఆ ఇల్లు చిన్నది, చీకటిది, గల్లీ కనపడదు. ఏసీ గదిలో ఉల్లిగడ్డలు చల్లగా ఉన్నాయి. పచ్చీసు బండను మేస్త్రీ మురుగు మోరీ మీద మూతగా వేశాడు, గళ్ళు పైకే ఉన్నాయి, పాలబ్బాయి రోజూ దాని మీద సైకిల్ స్టాండు వేస్తాడు. సాయంత్రాలు ఎదురింటి నుంచి నవ్వులు వినిపిస్తే అమ్మ టీవీ శబ్దం పెంచుతుంది, బాపు తగ్గిస్తాడు.

మొన్నటి వానకు గోడ వాసన వేసినప్పుడు అవ్వ వచ్చి, తడిసిన చోట అరచెయ్యి ఆనించింది. అప్పుడన్నాను, ర్యాంపు తీయించి మళ్ళీ అరుగు వేయిద్దామవ్వా అని.

"ఉండనీ తీ బిడ్డా" అంది. "నీ కారుకు జాగ గావాలె గదా."

ర్యాంపు వాలు ఎక్కువైంది. కారు ఎక్కిస్తే ముందు బంపరు నేలకు రాసుకుంటుంది. అందుకని రాజవ్వ వాళ్ళ గోడ పక్కన ఆపుతున్నాను. అక్కడ మధ్యాహ్నం దాకా నీడ ఉంటుంది.